షుగరు వ్యాధి - కడుపు ఆరోగ్యం - మన దస్తర్‌ఖాన్

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను డాక్టరును కాను, హకీమునూ కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే పంతులును. కనుక ఏ మందు వాడాలి, ఎంత వాడాలి అనే జోలికి పోను. అది డాక్టరుగారి పని. అయితే ఆ మందు దిగే కడుపు మనది. ఆ కడుపులోకి పోయే తిండి మన ఇంట్లో వండేది. ఆ తిండి సంగతి, ముఖ్యంగా షుగరు వ్యాధి ఉన్నవారి కడుపు సంగతి ఈ పూట మీకు మనవి చేస్తాను.

ఈ విషయమే ఎందుకు తీసుకున్నాను? ఈ హాలులో కూర్చున్న కుటుంబాలలో షుగరు లేని ఇల్లు చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో మీకే తెలుసు. భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతటా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని ఆ లెక్క. ఇది పెద్దల జబ్బు, ధనవంతుల జబ్బు అనే రోజులు పోయాయి. మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడికీ ఉంది, బీడీలు చుట్టే ఆపాకూ ఉంది.

షుగరు అనగానే మనకు కళ్లు, కిడ్నీలు, కాళ్లు, గుండె గుర్తుకొస్తాయి. మంచిదే, వాటిని చూపించుకోవాలి. కాని కడుపు మాట ఎవరూ ఎత్తరు. ఎత్తటానికి సిగ్గు. "ఎలా ఉన్నారు భాయీ?" అంటే "అల్‌హమ్దులిల్లా, షుగరు నూట అరవై" అని చెబుతాం గాని, "నాలుగు రోజులుగా మలవిసర్జన సరిగా లేదు" అని చెబుతామా? డాక్టరుగారి ముందు కూర్చున్నా చెప్పం. ఆ చెప్పకపోవటం వల్ల జరిగే నష్టమే నా ప్రసంగానికి అసలు కారణం.

షుగరుకూ కడుపుకూ ఉన్న సంబంధం

మన గొంతు నుంచి మలద్వారం దాకా ఉన్న గొట్టమంతా నరాల ఆజ్ఞ మీద కదులుతుంది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతిని తిమ్మిరి పట్టినట్టే, పొట్ట నరాలూ దెబ్బతింటాయి. అప్పుడు కొందరికి మలబద్ధకం, మన మాటలో ఖబ్జ్, పట్టుకుంటుంది. కొందరికి రాత్రిపూట విరేచనాలవుతాయి. మరికొందరికి పొట్టలోని అన్నం కిందికి దిగటమే ఆలస్యమవుతుంది. రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది, వికారంగా ఉంటుంది, ఎప్పుడో తిన్నది వాంతి అవుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి ఇది ఇంకా చిక్కు. సూది మందు తన పని మొదలుపెడుతుంది, అన్నం ఇంకా పొట్టలోనే ఉంటుంది. చక్కెర పడిపోతుంది. తరువాత అన్నం దిగేసరికి చక్కెర పైకి లేస్తుంది. మనిషి ఏమో "నేను పత్యం తప్పలేదు, ఈ షుగరు నా మాట వినటం లేదు" అని బాధపడతాడు.

రెండవ సంబంధం మన పెద్దపేగులో ఉంది. అక్కడ కోట్లాను కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. వాటి సంఖ్య మన శరీరంలోని కణాల సంఖ్యకు దాదాపు సమానమని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. మనకు అరగని పీచు పదార్థమే వాటి ఆహారం. ఆ పీచును పులియబెట్టి అవి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయి. అందులో బ్యూటిరేట్ అనేది పేగు లోపలి పొరకే తిండి. అంటే మనం వాటికి తిండి పెడితే అవి మన పేగును పోషిస్తాయి. మనం పీచు పెట్టకపోతే వాటికి పస్తు, మన పేగుకూ పస్తు. 2018లో షాంఘై శాస్త్రజ్ఞులు సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. షుగరు ఉన్నవారిని రెండు జట్లు చేశారు. ఇద్దరికీ ఒకే మందు ఇచ్చి, ఒక జట్టుకు మాత్రం పీచు బాగా ఉన్న రకరకాల ధాన్యాలు, కూరగాయలు పెట్టారు. 12 వారాలలో ఆ జట్టువారి చక్కెర రెండవ జట్టు కంటే బాగా అదుపులోకి వచ్చింది. వారి పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు పెరగటం కూడా చూశారు. అది చిన్న పరిశోధనే. అయినా అది చూపిన దారి మన వంటింటి గుమ్మం దాకా వస్తుంది.

మేదా, మైదా

ఉర్దూ పంతులును గనుక ఒక మాట చెబుతాను. కడుపును మనం మేదా అంటాం. బేకరీలో వాడే తెల్ల పిండిని మైదా అంటాం. పిల్లలు రాసేటప్పుడు ఈ రెండు మాటలూ తారుమారు చేస్తుంటారు. పెద్దలమైన మనమూ తారుమారు చేస్తున్నాం - మేదాలో మైదా నింపుతున్నాం. ఉస్మానియా బిస్కట్టు, బన్ను, సమోసా, లుక్మీ, రుమాలీ రోటీ, నాన్ - అన్నీ మైదాయే కదా!

మన హైదరాబాదులోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థవారు 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికలు అచ్చువేశారు. వాటిలో పీచు లెక్కలు చూడండి. 100 గ్రాముల మైదాలో పీచు 3 గ్రాములకు తక్కువ. పాలిష్ బియ్యంలోనూ అంతే. అదే జొన్నలలో సుమారు 10 గ్రాములు. గోధుమ ఆటా, రాగులు, సజ్జలు - ఒక్కొక్కటి సుమారు 11 గ్రాములు. శనగపప్పులో 15 గ్రాములు. పొట్టుతో ఉన్న శనగల్లో సుమారు 25 గ్రాములు. జామపండులో 8 గ్రాముల పైచిలుకు.

పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలు, పండ్లు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇదేదో ఖరీదైన సలహా అనుకోకండి. నల్లబల్ల మీద లెక్క వేసినట్టు వేస్తాను. రెండు జొన్నరొట్టెలు, 60 గ్రాముల పిండి - 6 గ్రాములు. ఒక గిన్నెడు శనగపప్పు దాల్చా - 4 గ్రాములు. రెండు పూటలా కలిపి పావుకిలోకు కొంచెం తక్కువ బెండకాయో చిక్కుడుకాయో - 7 గ్రాములు. ఒక జామపండు - 8 గ్రాములు. కూడితే 25. ఇందులో సూపర్ మార్కెట్టులో కొనవలసినది ఒక్కటీ లేదు. డబ్బాలో అమ్మే పొడి అక్కర లేదు.

మన వంటలో మేలు లేదని నేననను. బగారా ఖానా పక్కన పెట్టే దాల్చా ఉంది చూశారా, శనగపప్పు, సొరకాయ, చింతపండు - అది పేగులకు ఎంతో హితమైన వంట. అంబాడే కీ భాజీ, అదే మన గోంగూర, చింతచిగురు, మెంతికూర, పాలకూర పప్పు, ఖట్టీ దాల్ - ఇవన్నీ మన నానీలు, దాదీలు వారానికి నాలుగు రోజులు వండినవే. మనం ఏం చేశాం? దాల్చాను పక్కకు నెట్టి ముక్కలు మాత్రం ఏరుకున్నాం. పండుగనాటి బిర్యానీని ఆదివారం బిర్యానీ చేసుకున్నాం, ఇప్పుడు ఫోను చేస్తే ఏ రోజైనా గుమ్మంలోకి వస్తున్నది. బిర్యానీ తినవద్దని చెప్పటానికి నేను రాలేదు, చెబితే నన్ను ఈ వేదిక దిగనివ్వరని తెలుసు. పండుగను పండుగనాడే ఉంచుకుందామని మాత్రం అంటున్నాను.

ప్రవక్తగారు, సల్లల్లాహు అలైహి వసల్లం, కడుపులో మూడవ వంతు తిండికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు ఊపిరికి అని బోధించిన సంగతి మీరంతా ఎరుగుదురు. దుఃఖంలో ఉన్నవారికి, రోగికి జౌ, అంటే యవల పిండితో తల్బీనా కాచి ఇచ్చేవారని హదీసుల్లో ఉంది. యవల్లో ఉండే జిగురు పీచు చక్కెరను రక్తంలోకి నిదానంగా వదులుతుందని ఇప్పటి సైన్సు చెబుతున్నది. బెల్లం, చక్కెర పోయకుండా పలుచగా కాచుకుంటే షుగరు ఉన్నవారికీ అది పనికొచ్చే జావ. ఎంత తాగారో అంత అన్నం తగ్గించుకోవాలి, అదొక్కటే షరతు. రాగిజావకైనా అదే షరతు. రాగి మంచిదని చెంబెడు తాగి ఆపైన అన్నమూ తింటే చక్కెర పెరగక ఏమవుతుంది?

తినే వరస

ఏం తినాలో ఎంత ముఖ్యమో, ఏది ముందు తినాలో కూడా అంత ముఖ్యం. 2015లో న్యూయార్కులోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలవారు షుగరు ఉన్నవారికి ఒకే భోజనాన్ని రెండు వరసలలో పెట్టి చూశారు. కూరగాయలు, మాంసం ముందు తిని రొట్టెలాంటివి చివర తిన్ననాడు భోజనం తరువాతి చక్కెర చాలా తక్కువగా లేచింది. తిండి అదే, వరసే తేడా. కాబట్టి దస్తర్‌ఖాన్ పరచగానే ముందుగా ఒక గిన్నె కూర, పప్పు, ఖీరా ముక్కలు తినండి. తరువాత రొట్టె లేక అన్నం. దీనికి పైసా ఖర్చు లేదు.

పీచు పెంచేటప్పుడు నిదానంగా పెంచాలి. ఇవాళ ఈ మాట విని రేపటి నుంచి మూడు పూటలా జొన్నరొట్టె, శనగలు మొదలుపెడితే కడుపు ఉబ్బుతుంది, గ్యాసు పడుతుంది. "మాస్టరు చెప్పింది మనకు పడలేదు" అని మానేస్తారు. వారానికి ఒక్క మార్పు చేయండి. మొదటి వారం రాత్రి అన్నం బదులు రొట్టె. రెండవ వారం ఒక గిన్నె కూర అదనం. మూడవ వారం ఒక పండు. దానితో పాటు నీరు తాగాలి. నీరు లేని పీచు ఎండిన గడ్డి వంటిది, పేగులో అడ్డం పడుతుంది.

ఇసబ్‌గోల్ సంగతి చాలామంది అడుగుతారు. ఆ మాట పారసీ నుంచి వచ్చింది, గింజ ఆకారాన్ని బట్టి గుర్రపు చెవి అని అర్థం. మంచి వస్తువే. మలబద్ధకానికి పనికొస్తుంది, చక్కెరకూ కొంత మేలు. కాని ఒక చెంచా పొట్టుకు పెద్ద గ్లాసెడు నీరు ఉండాలి. పొడిగా నోట్లో వేసుకుని రెండు గుక్కలు తాగటం ప్రమాదం. మిగతా మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం పెట్టాలి, లేకపోతే మాత్రను తన జిగురులో పట్టేస్తుంది.

పెరుగు, మజ్జిగ మనకు దేవుడిచ్చిన వరాలు. చక్కెర వేయని పలుచని మజ్జిగలో ఇంత జీలకర్ర, కొత్తిమీర వేసుకుని మధ్యాహ్నం తాగండి. సీసాలో వచ్చే లస్సీ వేరు, ఇంటి మజ్జిగ వేరు. ఉప్పు తక్కువ వేసుకోవాలి, మనలో షుగరు ఉన్నవారికి చాలామందికి బీపీ కూడా తోడుంటుంది గనుక.

ఇక్కడ రెండు హెచ్చరికలు. కిడ్నీలు దెబ్బతిన్నవారు పండ్లు, పప్పులు, నీరు - దేనినీ డాక్టరును అడగకుండా పెంచకూడదు. పొట్టలో అన్నం నిలిచిపోతున్నదని ఇంతకు ముందు చెప్పానే, ఆ ఇబ్బంది ఉన్నవారికి పీచు ఎక్కువైతే బాధ పెరుగుతుంది. వారు కొంచెం కొంచెంగా, మెత్తగా, నాలుగైదు సార్లు తినాలి. ఒకరి పత్యం ఇంకొకరికి పనికిరాదు.

మాత్ర మానేయటం అనే రహస్యం

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా అమ్మీకి చాలా ఏళ్లుగా షుగరు. ఒక ఏడాది ఆమె చక్కెర ఉన్నట్టుండి పెరగసాగింది. తిండి మారలేదు, మాత్రలు నెలనెలా తెస్తూనే ఉన్నాం. డబ్బా దులిపి చూస్తే సగం మాత్రలు అలాగే ఉన్నాయి. అడిగితే చాలాసేపు చెప్పలేదు. చివరకు మా చెల్లెలి చెవిలో చెప్పింది - ఆ మాత్ర వేసుకుంటే కడుపు జారుతుంది, పెళ్లికి గాని ఫాతిహాకు గాని ఒకరింటికి వెళ్లలేను, నమాజులో నిలబడలేను, అందుకే బయటికి వెళ్లే రోజున మానేస్తున్నాను అని. నాలుగు నెలలు అలా గడిచాయి. ఇంతమందిమి ఇంట్లో ఉండి, ఆ ముసలామె ఒక్కతే ఆ ఇబ్బందిని మోసింది.

డాక్టరుగారికి ఆ ఒక్క మాట చెప్పేసరికి పరిష్కారం దొరికింది. మెట్‌ఫార్మిన్ అనే ఈ మాత్ర ఎంతో మందికి మేలు చేసేది, చవకైనది. మొదట్లో కొందరికి వికారం, విరేచనాలు చేస్తుంది. ఖాళీ కడుపున వేసుకోకుండా అన్నంతో పాటు వేసుకోవటం, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచటం, నిదానంగా కరిగే రకానికి మార్చటం - ఈ మూడు ఉపాయాలతో చాలామందికి తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి వాడేవారిలో బి-12 విటమిను తగ్గవచ్చు. దాని వల్ల కూడా కాళ్ల తిమ్మిర్లు, నీరసం వస్తాయి. కనుక అప్పుడప్పుడు రక్త పరీక్ష చేయించమని డాక్టరును అడగాలి. ఇదంతా ఎప్పుడు వీలవుతుంది? నోరు విప్పి చెప్పినప్పుడు. దాచిన మాత్ర డబ్బాలో ఉంటుంది, దాచిన జబ్బు ఒంట్లో పెరుగుతుంది.

గ్యాసు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. వుజూ నిలవదేమోనని జుమ్మా రోజున పప్పు, కూర మానేసే పెద్దలు ఉన్నారు. మసీదుకు రావటమే తగ్గించుకున్నవారూ ఉన్నారు. పప్పు నానబెట్టి, ఆ నీరు పారబోసి, అల్లం, జీలకర్ర వేసి మెత్తగా ఉడికిస్తే గ్యాసు తగ్గుతుంది. తొందరపడి మింగకుండా నమిలి తినటం, సోడాలు మానటం కూడా మంచిది. ఇన్ని చేసినా నిలవని జబ్బే ఉంటే, అటువంటివారికి షరీయతులో మాజూర్ అనే వెసులుబాటు ఉంది. ఆలిములను అడిగి తెలుసుకోండి. దీన్ మనిషిని ఇరుకున పెట్టటానికి రాలేదు. ఆ భయంతో కడుపు మాడ్చుకోవటం, జమాతుకు దూరం కావటం రెండూ అక్కర లేదు.

పర్దా వైపు కూర్చున్నవారికి

అమ్మలారా, ఆపాలారా! ఇంట్లో అందరికీ వడ్డించి చివరకు తినేది మీరు. కూర అయిపోతుంది, అన్నం మిగులుతుంది. ఆ అన్నంలో ఇంత చారో పచ్చడో వేసుకుని ముగిస్తారు. అంటే పీచు, మాంసకృత్తులు ఇంటివారికి, తెల్ల అన్నం మీకు. షుగరు రాకుండా ఎలా ఉంటుంది? పైగా పనుల మధ్య దొడ్డికి వెళ్లే వేళను కూడా వాయిదా వేస్తారు. పేగు ఇచ్చే పిలుపును రోజూ కాదంటే కొన్నాళ్లకు అది పిలవటమే మానేస్తుంది. పొద్దున ఫజర్ తరువాత గోరువెచ్చని నీరు తాగి పది నిమిషాలు మీ కోసం కేటాయించుకోండి. ఆ పది నిమిషాలు టీ ఎవరైనా పెట్టుకోగలరు. మగవారు కూడా పొయ్యి వెలిగించటం నేర్చుకోవచ్చు, తప్పు లేదు.

మరొక మాట. షుగరు ఉన్నవారికి వేరే గిన్నెలో చప్పిడి వంట వండి, మిగతావారు పక్కన కూర్చుని పరాటాలు తినటం మన ఇళ్లలో పరిపాటి. అది పత్యం కాదు, శిక్ష. ఏ మనిషీ ఆ శిక్షను ఏళ్ల తరబడి భరించలేడు, చాటుగా తింటాడు. నేను చెప్పిన తిండిలో షుగరు లేనివాడికి హాని చేసేది ఏముంది? జొన్నరొట్టె పిల్లవాడికి మంచిది కాదా? దాల్చా కోడలికి మంచిది కాదా? రోగికి వేరే గిన్నె పెట్టకండి. ఇంటి గిన్నెనే మార్చండి. ఆ ఇంట్లో మరో పదేళ్లకు షుగరు రావలసినవారిలో కొందరైనా తప్పించుకుంటారు.

నడక, నిద్ర, మందుల దుకాణం

తిన్న వెంటనే పడుకోవద్దు. న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయంవారు 2016లో ఒక పరిశోధన ప్రకటించారు. రోజుకు ఒకేసారి అరగంట నడవటం కంటే, మూడు పూటలా భోజనం తరువాత పదేసి నిమిషాలు నడిచినప్పుడు చక్కెర ఎక్కువగా తగ్గింది. పేగుల కదలికకూ నడక మంచిదే. ఇషా నమాజుకు మసీదు వీధి చివరన ఉంటే, బండి తీయకుండా నడిచి వెళ్లిరండి. పుణ్యమూ దక్కుతుంది, అన్నమూ అరుగుతుంది. రాత్రి పన్నెండు దాకా ఫోను చూసి నిద్ర చెడగొట్టుకోవటం షుగరుకూ చెరుపే. సిగరెట్టు, గుట్కా, ఖైనీ సంగతి వేరే చెప్పనక్కర లేదు, అవి నోటి నుంచి పేగు దాకా దేనినీ వదలవు.

చిన్న జలుబుకు, ఒక్క విరేచనానికి మందుల దుకాణంలో చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనుక్కునే అలవాటు మానండి. ఆ మందు చెడ్డ క్రిములతో పాటు పేగులోని మంచి సూక్ష్మజీవులనూ చంపుతుంది. అవసరమైనప్పుడు డాక్టరు రాసిస్తే పూర్తిగా వాడాలి. అవసరం లేనప్పుడు ముట్టకూడదు.

రమజాన్ నెల

ఇక అందరూ ఎదురుచూసే ప్రశ్న. షుగరు ఉన్నవారు రోజా ఉండవచ్చా? రోగికి, ప్రయాణికుడికి ఇచ్చిన వెసులుబాటు పవిత్ర ఖురాన్‌లో సూరా అల్ బఖరా 184, 185 ఆయతులలో ఉంది. ఎవరు ఉండవచ్చు, ఎవరు ఉండకూడదు అనేది మనిషిని బట్టి డాక్టరు చెప్పాలి. రమజాన్‌కు ఒకటి రెండు నెలల ముందే వెళ్లి అడగాలి, చంద్రుడు కనిపించిన రాత్రి కాదు. మందుల వేళలు, మోతాదులు మార్చవలసి ఉంటుంది. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో వెలువరించిన రమజాన్ మార్గదర్శకాలలో రెండు సంగతులు అందరూ గుర్తుపెట్టుకోవాలి. వేలు గుచ్చి రక్తం చూసుకుంటే రోజా విరగదు. చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విడవాలి. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరుగుతుంటే ఇఫ్తార్‌కు పావుగంటే ఉంది గదా అని కూర్చోకూడదు.

రోజా నెలలో కడుపు చెడటానికి కారణం రోజా కాదు, ఇఫ్తార్. మిర్చీ బజ్జీ, సమోసా, రంగు షర్బతు, ఆపైన హలీం, ఆపైన బిర్యానీ! ఒక చిన్న ఖర్జూరంలోనే సుమారు 5 గ్రాముల చక్కెర ఉంటుంది, పెద్ద రకాలలో అంతకు మూడింతలు. షుగరు ఉన్నవారికి ఒకటి చాలు. నీరు, ఉడికించిన శనగలు, పండు ముక్కలు, మజ్జిగ తీసుకుని మగ్రిబ్ నమాజు చేసుకోండి. హలీంలో గోధుమ, పప్పులు, మాంసం ఉన్నాయి, అదొక పూర్తి భోజనం. చిన్న గిన్నె తిన్నవారు దానినే భోజనంగా లెక్కించాలి, పైన నెయ్యి పోయించుకోకూడదు. సెహ్రీ మానకూడదు. రొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు మంచి సెహ్రీ. ఇఫ్తార్ నుంచి సెహ్రీ దాకా గంట గంటకూ నీరు తాగుతుంటే ఖబ్జ్ రాదు. ఒకేసారి లీటరు పోసుకుంటే ఉపయోగం లేదు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

మలంలో రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, మింగుడు పడకపోయినా, నలభై అయిదు దాటినవారికి మలవిసర్జన అలవాటు ఉన్నట్టుండి మారి వారాల తరబడి అలాగే ఉన్నా - అది మొలలేలే, వేడి చేసిందిలే అని చూర్ణాలతో కాలం గడపవద్దు. షుగరు ఉన్నవారికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే డాక్టరును అడగాలి, ఎందుకంటే కొన్ని షుగరు మాత్రలను ఆ రోజుల్లో ఆపవలసి ఉంటుంది. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపకూడదు. ఓఆర్ఎస్‌లో చక్కెర ఉందని భయపడి మానకండి. ఒంట్లో నీరు ఎండిపోవటం అంతకంటే ప్రమాదం.

సంఘానికి నా మనవి

పెద్దలారా, ఉపన్యాసం విని ఇంటికి పోతే రేపటికి మరచిపోతాం. కనుక సంఘం ముందు మూడు చిన్న కోరికలు పెడుతున్నాను. మొదటిది, మన సంఘం జరిపే ఇఫ్తార్ విందులో నూనె వేపుళ్లు తగ్గించి శనగలు, పండ్లు, మజ్జిగ పెట్టాలి. డబ్బు కూడా ఆదా అవుతుంది. రెండవది, ప్రతి ఏటా షాబాన్ నెలలోనే ఒక డాక్టరును, ఒక ఆలిమును ఒకే వేదిక మీద కూర్చోబెట్టి షుగరు ఉన్నవారి ప్రశ్నలకు జవాబు చెప్పించాలి. ఆడవారి కోసం లేడీ డాక్టరుతో వేరే గంట ఉండాలి, అక్కడ మగవారెవరూ ఉండకూడదు. మూడవది, వలీమా విందుల్లో దాల్చా, కూరగాయల వంటకం ఒకటి తప్పనిసరి అని మన పెద్దలు మాట అనుకోవాలి. కట్నాలు వద్దని తీర్మానాలు చేసిన సంఘానికి కూరగాయ పెట్టమని చెప్పటం కష్టమా?

చివరగా ఒక్క మాట. షుగరు మనిషితో కడదాకా ఉండే జబ్బు. దానితో కాపురం చేయాలంటే కడుపును మంచి చేసుకోవాలి. అది ఒక్క రోజు ఉపవాసంతోనో, ఒక్క నెల కషాయంతోనో అయ్యే పని కాదు. రోజూ ఒక రొట్టె, ఒక గిన్నె కూర, ఒక గ్లాసు మజ్జిగ, పది నిమిషాల నడక, డాక్టరు ముందు ఒక నిజం - ఇంతే. ఇవాళ ఇంటికి వెళ్లాక మీ అమ్మీనో, అబ్బానో పక్కన కూర్చోబెట్టుకుని "మాత్ర వేసుకున్నారా?" అని మాత్రమే అడగకండి. "కడుపు ఎలా ఉంది? మాత్ర పడుతున్నదా?" అని అడగండి. వారు వెంటనే చెప్పకపోవచ్చు. మళ్లీ అడగండి.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, ఆ ఆరోగ్యాన్ని కాపాడుకునే తెలివిని ప్రసాదించుగాక.